ఐఎస్‌ఐ మార్కు మన ఇష్టమా, చట్టమా? గిన్నెల యూనిట్ వారి ప్రశ్నకు నా జవాబు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. విశాఖ ఆటోనగర్‌లో అల్యూమినియం గిన్నెలు, గుండిగలు చేసే చిన్న యూనిట్. రేకును తిప్పుతూ గిన్నె ఆకారానికి వంచే స్పిన్నింగ్ లేత్‌లు రెండు, ఆరుగురు పనివాళ్లు. ఇన్నేళ్లూ సరుకు సాఫీగానే పోయింది. ఇప్పుడు కురుపాం మార్కెట్ హోల్‌సేల్ వ్యాపారి ఐఎస్‌ఐ మార్కు లేకపోతే సరుకు దించుకోనంటున్నాడు. ఇంట్లో బావగారేమో "ఐఎస్ ప్రమాణాలన్నీ స్వచ్ఛందమే, భయపడకు" అంటున్నారు. ఎవరి మాట నిజం? ఎక్కడో ఒక కమిటీ రాసుకున్న కాగితం మా మీద చట్టం ఎలా అయింది? అది ప్రభుత్వం మాటా, పెద్ద కంపెనీల మాటా?

నేను ముప్ఫై ఏళ్లు గాజువాక చుట్టుపక్కల లోహ పరీక్షల ల్యాబుల్లో పనిచేశాను. సగం కాలం రాడ్లు లాగి విరగ్గొట్టే మిషన్ దగ్గర, మిగతా సగం రిపోర్టుల మీద సంతకాలు పెట్టే కుర్చీలో. లా చదవలేదు. కానీ ఒక అంకె కింద సంతకం పెట్టే ముందు ఆ అంకెకు బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోక తప్పలేదు. అదే చెప్తాను.

ముందు సూటి జవాబు. మీ బావగారు చెప్పింది సగం నిజం, వ్యాపారి చెప్పింది మిగతా సగం. మీకు ఇప్పుడు పనికొచ్చేది వ్యాపారి సగమే.

ఐఎస్, అంటే ఇండియన్ స్టాండర్డ్, నంబరు వేసుకున్న ఏ ప్రమాణమైనా పుట్టినప్పుడు స్వచ్ఛందమే. పాటిస్తే పాటించండి, లేకపోతే లేదు. అయితే ఈ ప్రమాణాలు ప్రచురించే భారతీయ ప్రమాణాల బ్యూరో, అదే బీఐఎస్, దాని 2016 చట్టంలో 16వ సెక్షన్ అని ఒకటుంది. ప్రజాప్రయోజనం, మనుషుల, పశువుల, మొక్కల ఆరోగ్యం, పర్యావరణ భద్రత, అక్రమ వ్యాపార పద్ధతుల నివారణ, దేశ భద్రత, వీటిలో ఏదో ఒక కారణం చూపి ఫలానా వస్తువుకు ఫలానా ఐఎస్ ప్రకారం మార్కు తప్పనిసరి అని కేంద్రం గెజిట్‌లో ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్నే క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్, మన వాడుకలో క్యూసీఓ అంటాం. అది అమల్లోకి వచ్చిన రోజు నుంచి 17వ సెక్షన్ పనిచేస్తుంది. మార్కు లేని వస్తువు తయారు చేయకూడదు, దిగుమతి చేయకూడదు, అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, చివరికి గోడౌన్‌లో నిల్వ పెట్టకూడదు, షాపులో అమ్మకానికి ప్రదర్శించకూడదు. మీ వ్యాపారికి టెన్షన్ ఎందుకో ఆ చివరి రెండు మాటల్లో ఉంది. గిన్నె చేసింది మీరైనా దొరికేది ఆయన గోడౌన్‌లో. శిక్ష 29వ సెక్షన్‌లో ఉంది: రెండేళ్ల వరకు జైలు, లేదా మొదటిసారి 2 లక్షలకు తగ్గని జరిమానా, మళ్లీ చేస్తే 5 లక్షలకు తగ్గనిది. జరిమానా సరుకు విలువకు పది రెట్ల దాకా పోవచ్చు, జైలూ జరిమానా రెండూ కూడా పడొచ్చు.

వంటపాత్రల మీద అలాంటి ఉత్తర్వు 2024లో వచ్చింది. స్టీలు పాత్రలకు ఐఎస్ 14756, అల్యూమినియం పాత్రలకు ఐఎస్ 1660. మీది రెండోది.

ఇక కమిటీ కాగితం చట్టం ఎలా అయిందన్న ప్రశ్న. ఇది మీకే కాదు, ఈ రంగంలో ఉన్న చాలామందికి సరిగా తెలియదు.

1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ పెట్టినప్పుడు అది రిజిస్టరైన సొసైటీ, ప్రభుత్వ శాఖ కాదు. ఐఎస్‌ఐ అనే పేరు అప్పటిదే. మార్కుకు చట్టబలం 1952లో వచ్చింది. 1986 చట్టంతో, 1987 ఏప్రిల్ 1 నుంచి అది బీఐఎస్ అయింది. సంస్థ పేరు మారి దాదాపు నలభై ఏళ్లయినా జనం నోట్లో ఐఎస్‌ఐ పోలేదు, మార్కు మీదా పోలేదు.

ప్రభుత్వానికి ఈ పద్ధతి ఎందుకు నచ్చుతుందంటే, గిన్నె ఏ మిశ్రమంతో చేయాలో పార్లమెంటు కూర్చుని తేల్చలేదు. తేల్చినా, కొత్త మిశ్రమం వచ్చినప్పుడల్లా చట్టం సవరించాలి. తెలిసినవాళ్లు ముందే రాసిపెట్టిన కాగితం ఉంటే, చట్టంలో దాని నంబరు ఒక్కటి రాస్తే చాలు. ఇది మన దగ్గర పుట్టిన తెలివేమీ కాదు. 1905 మార్చి 20న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. 1907లో ఆ రాష్ట్రం బాయిలర్ల చట్టం చేసింది. తరువాత రాష్ట్రానికో రూలు తయారవుతుంటే బాయిలర్లు చేసేవాళ్లకు పిచ్చెక్కి, మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఏఎస్‌ఎంఈ ఉమ్మడి కోడ్ రాసింది, 1914 ఎడిషన్. ప్రైవేటు సంఘం పుస్తకాన్ని రాష్ట్రాలు ఒక్కొక్కటిగా చట్టంలోకి తీసుకున్నాయి. మనకు 1923 బాయిలర్ల చట్టం కింద 1950 రెగ్యులేషన్లు ప్రభుత్వ బోర్డే రాసింది. అక్కడ ఇంజనీర్లు రాసి సర్కారు చేతిలో పెట్టారు, ఇక్కడ సర్కారే రాసుకుంది. బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీలో వణుకు మాత్రం రెండు చోట్లా ఉండేదే.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి. "కాగితం మీద గీత ఎక్కడ గీశారు" అన్నదే అసలు అధికారం అని నాకు తెలిసొచ్చింది అప్పుడే.

ఇళ్లకు వాడే టీఎంటీ రాడ్లకు ఐఎస్ 1786. దాని 2008 సవరణలో 'డి' గ్రేడులు వచ్చాయి. ఎఫ్‌ఈ 500 రాడ్డు విరిగే లోపు కనీసం 12 శాతం సాగాలి, ఎఫ్‌ఈ 500డి అయితే 16 శాతం. గంధకం, భాస్వరం హద్దులు కూడా డి గ్రేడులో బిగువు. భూకంపం వచ్చినప్పుడు స్తంభం పుటుక్కున విరగకుండా వంగి, సాగి, లోపలివాళ్లకు బయటపడే టైమివ్వాలన్నది దాని వెనక ఆలోచన. ఆ కొత్తల్లో ఒక కాంట్రాక్టరు మనిషి 16 ఎంఎం రాడ్డు ముక్కలు తెచ్చాడు. కొలత పొడవు వ్యాసానికి ఐదు రెట్లు, అంటే 80 మిల్లీమీటర్ల దూరంలో రెండు చుక్కలు కొట్టి, మిషన్‌లో లాగి, విరిగాక రెండు ముక్కలూ కలిపి కొలిచాను. 91.2 వచ్చింది. అంటే 14 శాతం.

500 అయితే పాస్. 500డి అయితే ఫెయిల్. మా దగ్గరకు వచ్చిన లెటర్‌లో 500డి అని ఉంది, రాడ్డు మీద పొంగు అక్షరాల్లోనూ అదే ఉంది. ఫెయిల్ అని రాశాను. ఆ మనిషి నా టేబుల్ ముందు నిలబడి "సార్, రాడ్డు అదే కదా, ఆ డి ఒక్కటి కొట్టేయండి" అన్నాడు. నవ్వొచ్చింది కానీ అతను అడిగింది మరీ తెలివితక్కువ మాట కాదు. ఇనుము మారలేదు, మిషన్ మారలేదు, నా కొలత తప్పలేదు. ఒక్క అక్షరం మారితే అదే రాడ్డు మంచిది. ఆ లాటు తరువాత 500 సరిపోయే వేరే సైట్‌కు వెళ్లిందని విన్నాను. పొంగు అక్షరాలు 500డి అంటుంటే అలా గ్రేడు దించి వాడటం కూడా పద్ధతి కాదు, కానీ ఊళ్లో జరిగేది అది. గవర్నమెంట్ టెండర్‌లో 500డి అని రాసిన ఆఫీసరుకు 16 శాతం అంటే ఏమిటో తెలిసి ఉండకపోవచ్చు. తెలియాల్సిన పని కూడా లేదు. ఆ పని కమిటీ చేసిపెట్టింది.

మరి ఆ కమిటీలో ఎవరుంటారు? తయారీదారులు, ల్యాబులు, ప్రభుత్వ శాఖలు, విద్యాసంస్థలు, వినియోగదారుల సంఘాలు. కాగితం మీద బ్రహ్మాండమైన కూర్పు. నిజానికి మీటింగులకు వరసగా వచ్చేది ఆ పనికి జీతం తీసుకునేవాళ్లే. పెద్ద కంపెనీకి క్వాలిటీ మేనేజరు ఉంటాడు, అతని పనే అది. ఆటోనగర్‌లో రెండు లేత్‌ల యూనిట్ నుంచి ఢిల్లీ వెళ్లి కూర్చునేదెవరు? కమిటీలో కూర్చునే కంపెనీల వాళ్లు దురుద్దేశంతో రాస్తారని అనను. నేను చూసినవాళ్లలో చాలామంది నిజాయితీగల ఇంజనీర్లు. కానీ తమ ఫ్యాక్టరీలో సులభంగా కుదిరేది ఎవరికైనా సహజంగానే "కనీస అవసరం"లా కనిపిస్తుంది. కాబట్టి మీ మూడో ప్రశ్నకు నా జవాబు: అంకె రాసేది ఎక్కువగా పరిశ్రమ, అంకెకు కర్ర ఇచ్చేది ప్రభుత్వం. అంకె తేడాగా ఉంటే ఇద్దరూ ఒకరినొకరు చూపిస్తారు.

ముసాయిదాలు అందరి అభిప్రాయాల కోసం బయట పెడతారు. ఎవరైనా రాయొచ్చు. ఒక పరీక్ష పద్ధతి ముసాయిదాలో ఒక వాక్యం అర్థం రెండు రకాలుగా వస్తోందని నేనొకసారి రాశాను. నా పేరు ఎక్కడా రాలేదు గానీ వాక్యం మారింది. మీ సంఘం నుంచి ఒకరు ఆ ముసాయిదాలు చూస్తూ ఉంటే మంచిది. ఉత్తర్వు వచ్చాక ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లడం కంటే ఇది చవక.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది చదవకుండా దాటేస్తారు. క్యూసీఓ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ ఉంటుంది: బీఐఎస్ ఎప్పటికప్పుడు ప్రచురించే సవరణలతో కలిపి, ప్రమాణం తాజా రూపమే వర్తిస్తుంది అని. దీని అర్థం ఏమిటో ఆలోచించండి. మంత్రిత్వ శాఖ ఉత్తర్వులో ఒక్క అక్షరం మార్చకపోయినా, కమిటీ ఐఎస్ 1660ను సవరిస్తే మీరు పాటించాల్సిన చట్టం మారిపోయినట్టే. సంతకం ప్రభుత్వానిది, కలం కమిటీది. నా వరకు ఈ ఏర్పాటు మొత్తంలో అన్నిటికంటే బలమైన వాక్యం అదే.

గెజిట్ ఒక్కటే దారి కాదు. టెండర్ ఒక దారి, రాడ్డు కథలో చూశాం. లైసెన్సు ఇంకో దారి, ప్రమాణం పాటిస్తేనే లైసెన్సు అనడం. భోపాల్ తరువాత 1986లో పెట్టిన చమురు పరిశ్రమ భద్రతా డైరెక్టరేట్ రాసే ఓఐఎస్‌డీ ప్రమాణాలు రిఫైనరీలకు, గ్యాస్ బాట్లింగ్ ప్లాంట్లకు ఎంత ముఖ్యమో 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీ మంటలు చూసిన మల్కాపురం, శ్రీహరిపురం వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మూడో దారి బిల్డింగ్ ప్లాన్. జాతీయ భవన నిర్మాణ కోడ్ తనంతట తాను చట్టం కాదు. రాష్ట్రం రూల్స్‌లో దాన్ని ప్రస్తావించి, స్ట్రక్చరల్ ఇంజనీరు చేత సంతకం పెట్టిస్తేనే దానికి పళ్లొస్తాయి. గాలి లెక్కకు ఐఎస్ 875 మూడో భాగం. అందులో విశాఖకు మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు వాతావరణ శాఖ చెప్పిన నిలకడ వేగం కూడా ఆ చుట్టుపక్కలే. కానీ ప్రమాణంలోది మూడు సెకన్ల దుడుకు గాలి, వాతావరణ శాఖది కొన్ని నిమిషాల సగటు. దుడుకు గాలి ఎప్పుడూ సగటు కంటే ఎక్కువ. ఆటోనగర్‌లో ఎన్ని షెడ్ల రేకులు ఎగిరి ఎక్కడ పడ్డాయో మీకు గుర్తుండే ఉంటుంది.

తీరప్రాంతంలో గాలి వేగానికి అదనపు గుణకం వేయమని ఐఎస్ 15498 అనే మార్గదర్శకం 2004లోనే చెప్పింది. మార్గదర్శకం కాబట్టి చాలామంది చదవలేదు. 2015లో అసలు కోడ్‌లోకే అది వచ్చింది: తుపాను తరువాత కూడా పనిచేయాల్సిన ఆసుపత్రుల్లాంటి వాటికి 1.30, పారిశ్రామిక కట్టడాలకు 1.15, మిగతావాటికి 1. మీ షెడ్డుకు 1.15 అనుకుంటే వేగం 57.5 మీటర్లు అవుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి లోడు దాదాపు 32 శాతం ఎక్కువ. ఆ 32 శాతం మీ జేబులోంచి వెళ్లే స్టీలు, బోల్టులు. ఏ ఎమ్మెల్యే చర్చించలేదు, ఏ బిల్లూ పెట్టలేదు. మార్గదర్శకం నుంచి కోడ్‌కు ఒక పేరా జరిగింది, అంతే. ఆ పేరా న్యాయమైనదే అని నా అభిప్రాయం. కానీ ఖర్చు మాత్రం శాసనమంత నిజం.

ప్రమాణాన్ని చట్టంలో సరైన చోట తగిలించకపోతే ఏమవుతుందో చూడాలంటే హెల్మెట్ చాలు. 1988 మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ బండి నడిపేవాడు బీఐఎస్ ప్రమాణానికి తగ్గ హెల్మెట్ పెట్టుకోవాలంది. కానీ మార్కు లేని హెల్మెట్ తయారు చేయకూడదు, అమ్మకూడదు అనే ఉత్తర్వు దేశమంతటికీ అమలైంది 2021 జూన్ 1న. మధ్యలో ముప్ఫై ఏళ్ల పైన, బీచ్ రోడ్డు పక్కన రెండు వందలకు హెల్మెట్ అమ్మినవాడిది తప్పు కాదు, కొని తలకు పెట్టుకున్నవాడిది తప్పు.

దీనికి తిరగేసిన ఉదాహరణ నీళ్ల క్యాను. 2001 నుంచి ప్యాకేజ్డ్ తాగునీటికి ఐఎస్ 14543 మార్కు తప్పనిసరిగా ఉండేది. 2024 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ నిర్బంధాన్ని తీసేసి, తరువాతి నెలలో ఆ నీటిని ఎక్కువ ముప్పున్న ఆహారాల వర్గంలో చేర్చింది. ఇప్పుడు కర్ర వేరే చేతిలో ఉంది. ఐఎస్ 14543 అలాగే ఉంది, మళ్లీ పుట్టినప్పటిలా స్వచ్ఛందమైంది. మీ బావగారి మాట అక్కడైతే పూర్తిగా నిజం.

దిగుమతుల కోణం కూడా చెప్పాలి, ఎందుకంటే ఈ పదేళ్లలో క్యూసీఓ కిందకు వచ్చిన వస్తువులు వంద చిల్లర నుంచి ఏడు వందలు దాటాయి, దానికి కారణం భద్రత ఒక్కటే కాదు. నాసిరకం దిగుమతి సరుకును రేవులోనే ఆపడానికి సుంకం కంటే ఇది సులభం. బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి మార్కు తప్పనిసరి చేసినప్పుడు అందరికీ అర్థమైంది. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందం స్వచ్ఛందమైతే ప్రమాణం, నిర్బంధమైతే సాంకేతిక నియంత్రణ అని రెండు వేరే పేర్లు పెట్టి, నిర్బంధం చేసేటప్పుడు అంతర్జాతీయ ప్రమాణాన్ని ఆధారం చేసుకోమంటుంది. దీని మీద యూరప్‌తో పెరూ గొడవపడింది, అదీ మన కవళ్ల లాంటి చేప మీద. డబ్బా మీద సార్డీన్ అనే పేరు తమ సముద్రపు ఒక్క జాతికే అని యూరప్ రూలు. కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం మాత్రం దేశం పేరో జాతి పేరో కలిపి మిగతా జాతులకూ ఆ పేరు వాడుకోవచ్చంది. 2002లో పెరూ గెలిచింది. ఎవరినీ కట్టిపడేయని స్వచ్ఛంద ప్రమాణం యూరప్ చట్టాన్ని ఓడించింది.

మన దగ్గర కూడా అతి అయిన చోట వెనక్కి తగ్గారు. కొన్ని పాలిమర్, ఫైబర్ ముడిసరుకుల మీద పెట్టిన క్యూసీఓలను 2025 నవంబరులో కేంద్రమే ఉపసంహరించింది. ముడిసరుకు మీద మార్కు పెడితే దెబ్బ తగిలేది దాంతో వస్తువు చేసే చిన్నవాళ్లకే. మీ విషయంలో కూడా ఇది గుర్తుంచుకోండి: అల్యూమినియం సర్కిల్, అంటే గిన్నె చేసే గుండ్రటి రేకు, సరైనది దొరక్కపోతే మీరు ఎంత బాగా స్పిన్ చేసినా ఐఎస్ 1660 దాటదు.

ఒకప్పుడు ఇంకో అన్యాయం ఉండేది. పాటించాల్సిన కాగితం కొనుక్కోవాలి. నేను ల్యాబులో చేరిన కొత్తలో ఒకే ప్రమాణం జిరాక్స్‌ల జిరాక్స్ వాడేవాళ్లం, పట్టికలో 3 ఉందో 8 ఉందో వెలుతురులో పెట్టి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు బీఐఎస్ పోర్టల్‌లో భారత ప్రమాణాలు ఉచితంగా దింపుకోవచ్చు. యూరప్‌లో అయితే బొమ్మల భద్రతా ప్రమాణాలను జనానికి చూపించాలా వద్దా అన్నది కోర్టు దాకా వెళ్లి, చట్టంలో భాగమైన ప్రమాణాన్ని చూసే హక్కు ప్రజలకుందని 2024 మార్చిలో తేలింది.

ఇక మీరు చేయాల్సింది. మూడు కాగితాలు దగ్గర పెట్టుకోండి: వంటపాత్రల క్యూసీఓ దాని సవరణలన్నిటితో, ఐఎస్ 1660 తాజా ఎడిషన్, దానికి బీఐఎస్ ఇచ్చే తనిఖీ, పరీక్షల స్కీము. మొదటిదాంట్లో తేదీలు, మినహాయింపులు ఉంటాయి. రెండోదాంట్లో అంకెలు. మూడోదాంట్లో మీ దగ్గర ఏ పరీక్ష ఎన్ని గిన్నెలకొకసారి చేయాలి, దానికి ఏ పరికరం ఉండాలి అన్నది. చిన్న యూనిట్ల డబ్బు కరిగేది ఈ మూడోదాంట్లోనే, కానీ అందరూ మొదటిదాన్నే తిట్టుకుంటారు. పాత్రలకు వాడే అల్యూమినియం రేకుకు ఐఎస్ 21 అని వేరే ప్రమాణముంది. సర్కిల్ సప్లయర్ దగ్గర బిల్లుతో పాటు టెస్ట్ సర్టిఫికెట్ తీసుకోవడం ఇవాళే మొదలుపెట్టండి.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. మీ ప్రాంతం చూసే బీఐఎస్ బ్రాంచి ఆఫీసు ఏదో కనుక్కోండి. దరఖాస్తు పెట్టకముందే ఒకసారి వెళ్లి కూర్చోండి, భయపడేంత ఏమీ ఉండదు. సూక్ష్మ, చిన్న యూనిట్లకు ఫీజులో రాయితీ ఉంది. ఏజెంటు "మొత్తం నేను చూసుకుంటా" అంటే వద్దు. లైసెన్సు మీ పేరు మీద ఉంటుంది, రేపు శాంపిల్ ఫెయిలైతే చెడేది మీ పేరే.

లైసెన్సు రాకముందు మార్కు అచ్చు మాత్రం కొట్టించకండి. మార్కు లేకపోవడం ఒక నేరం, లైసెన్సు లేకుండా మార్కు వేయడం ఇంకో నేరం. మార్కు కింద సీఎం/ఎల్ నంబరు, అంటే లైసెన్సు నంబరు, ఉంటుంది, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి లైసెన్సో అర నిమిషంలో తెలిసిపోతుంది. మీ వ్యాపారి కూడా కొట్టి చూస్తాడు.

గోడౌన్‌లో ఉన్న పాత సరుకు గురించి మాత్రం ఇప్పుడే చెప్పలేను. కొన్ని క్యూసీఓల్లో పాత నిల్వ అమ్ముకోవడానికి గడువిస్తారు, కొన్నిటిలో ఇవ్వరు. సూక్ష్మ యూనిట్లకు, చిన్న యూనిట్లకు అమలు తేదీ మామూలుగా విడివిడిగా ఉంటుంది. మీ ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌లో ఏ వర్గమని ఉందో, ఆ సరుకు ఏ తేదీల్లో చేసిందో రిజిస్టరు చూసి రాయండి. రెండూ ఉత్తర్వు పక్కన పెట్టి చూసి చెప్తాను.